సగం మీసం

పోయిన నెల మా అన్న కొడుకు చిత్తూరుకు వచ్చాడు. కోయంబత్తూరులో ఏదో కంపెనీలో పని చేస్తున్నాడు. ఏడు నెలల కూతుర్ని గుడ్డసంచిలో ఎదకు కట్టుకుని ఆటో దిగాడు. ఇంట్లోకి వచ్చీ రాగానే బిడ్డను చాప మీద పడుకోబెట్టి తడిసిన గుడ్డ మార్చాడు, పౌడరు అద్దాడు, పాలు కలిపి పట్టాడు. అతని భార్య కుర్చీలో కూర్చుని అదంతా ఫోన్లో వీడియో తీసింది. సాయంత్రానికి ఎంతమంది మెచ్చుకున్నారో ఇద్దరూ చూసుకుని మురిసిపోయారు. తర్వాత అదే ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. మా నాయనది. కోవిల్‌పట్టి స్టూడియోలో తీయించుకున్న పాత ఫొటో. మెలితిప్పిన మీసం చెవుల దాకా వచ్చి ఉంటుంది.

"అత్తా, తాత తిథికి ఊళ్లో పెద్ద బ్యానరు కడతా ఉండాం. నువ్వు రాస్తావు గదా, రెండు లైన్లు రాసియ్యి. ఆ కాలంలో ఆంబళ అంటే ఎట్ల ఉండె అని ఇప్పటోళ్లకి తెలియాల" అన్నాడు.

ఆంబళ అంటే మగాడు. మా ఇళ్లలో మాట్లాడేది తెలుగే అయినా ఈ ఒక్క మాటకు అరవమే వాడతాం. అన్నం, నీళ్లు, బిడ్డ, ఏడుపు, అన్నీ తెలుగులో ఉన్నాయి. మగాడు మాత్రం అరవం మాట్లాడే వీధిలోంచి వచ్చాడు. మా అన్న కొడుకు అడిగింది అరవం రాత, తెలుగు చదవడం అతనికి రాదు. మా వాళ్లలో ఎవరికీ రాదు. నాకైనా చిత్తూరు ఆసుపత్రిలో నర్సుగా చేరాక, రోగుల కాగితాలు, పాత పేపర్లు ముందేసుకుని కూడబలుక్కుంటే వచ్చింది. అతను చదవలేడన్న ధైర్యంతో ఇది రాస్తున్నానని అనుకుంటారేమో. చదివి వినిపించమంటే వినిపిస్తాను. అడిగింది రెండు లైన్లు గనక ఇది బ్యానరు మీద పట్టదు, అంతే.

మా ఊరు కోవిల్‌పట్టికి పడమర, తమిళనాడు నల్లరేగడి నేలల్లో ఉంటుంది. వాన పడితే పత్తి, సజ్జ. పడకపోతే ఆడవాళ్లందరూ ఆపీసుకు పోవడం. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని మా వైపు ఆపీసు అంటారు. తెల్లవారాక వ్యాను వచ్చి ఊరి మొగదల నిలబడి హారన్ కొడుతుంది. అమ్మ ఆ హారన్ లోపల నీళ్లు పట్టాలి, సజ్జ గంజి కాచాలి, ముందురోజు అంటించిన పెట్టెలు ఎండాయో లేదో చూసి గోనెలో నింపాలి. ఇల్లంతా పులిసిన మైదా జిగురు వాసన. ఈ పనుల మధ్యలో అన్నిటికంటే పెద్ద పని ఒకటి ఉండేది. నాయన అరుగు మీద కూర్చుంటే అమ్మ ఎదురుగా అద్దం పట్టుకుని నిలబడాలి. ఆయన ఆముదం వేలికి రాసుకుని, మీసానికి పట్టించి, చిన్న దువ్వెనతో ఒక్కో వెంట్రుకనూ పైకి తిప్పేవాడు. తొందర లేదు. లోపల గంజి పొంగి పొయ్యిలో పడుతున్న చప్పుడు మాకు వినిపించేది. అమ్మకూ వినిపించేది. కదిలితే అద్దంలో ముఖం కదులుతుంది, ముఖం కదిలితే అమ్మ చెంప మీద దెబ్బ పడుతుంది. గోడకు ఒక మేకు కొడితే తీరిపోయే పనికి ఆయన మనిషిని నిలబెట్టాడు. మేకు కొట్టాలని మాలో ఎవరికీ తోచనే లేదు. అంత బాగా పెంచాడు మమ్మల్ని.

అద్దం అయిపోయాక ఆయన చావిడికి పోయేవాడు. అక్కడ మీసాలన్నీ వరసగా కూర్చునేవి. పొలం బీడు పడి ఉన్నా, ఇల్లు అమ్మ చేతి మీద నడుస్తున్నా, ఆ సంగతి మాట్లాడటం మగవాళ్లకు తగదు. మాట్లాడటమే కాదు, దప్పికైతే కుండలో నీళ్లు ముంచుకోవడం కూడా తగదు. అరుగు మీద నుంచి "నీళ్లు" అనాలి, చెంబు రావాలి. వంటింటి గడప ఆయన దాటగా నేను చూడలేదు. పెద్దల ముందు సొంత బిడ్డను ఎత్తుకోవడం మరీ సిగ్గుమాలిన పని. ఊళ్లో ఎప్పుడూ ఎవరో ఒక పెద్ద ఉండనే ఉంటాడు గదా, అందుకని నాయన ఒళ్లో కూర్చున్న జ్ఞాపకం నాకు ఒక్కటీ లేదు. ఆయన చెయ్యి ఎట్లా ఉంటుందో దెబ్బల వల్లనే తెలుసు.

నాయన తమ్ముడు గురుసామి మా పక్కింట్లోనే ఉండేవాడు. మాకు చిన్నాయన. ఆయన కూడా ఆపీసులోనే పని, అగ్గిపుల్లల మందు కలిపే చోట. వేళ్లు ఎప్పుడూ పచ్చగా ఉండేవి, దగ్గరికొస్తే గంధకం వాసన. మా అవ్వ తొందరగా పోవడంతో ఇంట్లో వంట చిన్నాయన మీద పడిందట, అట్లా చెయ్యి తిరిగింది. మిరపకాయలూ ఉల్లిపాయలూ రోట్లో వేసి ఆయన నూరితే మా ఇంటి దాకా ఘాటు వచ్చేది. నాయన ముక్కు పట్టుకుని "పొంబళ పుట్టాల్సింది, తప్పిపోయి వాడు పుట్టినాడు" అనేవాడు. పొంబళ అంటే ఆడది. అదీ అరవమే. చిన్నాయన వినీ విననట్టు నూరుకునేవాడు. ఆయనకూ మీసం ఉండేది, సన్నగా, తీరుగా. దాని గురించి ఎవరినీ నిలబెట్టలేదు.

నేను ఏడో క్లాసు చదువుతున్న ఏడు చిన్నమ్మకు మొదటి కాన్పు అయింది. ఆడపిల్ల. కాన్పు ఇంట్లోనే జరిగింది, సరిగ్గా జరగలేదు. జ్వరం పట్టుకుంది, రక్తం ఆగలేదు. వాళ్ల పుట్టింట్లో చూసేవాళ్లు లేరు. అమ్మ ఆపీసుకు పోక తప్పదు. చిన్నాయన పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు. గంజి తాగించడం, బిడ్డకు నీళ్లు పోయడం, చిన్నమ్మ కింద పరిచిన గుడ్డలు ఉతకడం, అన్నీ ఆయనే. ఆ గుడ్డలు పట్టుకుని తెల్లవారకముందే ఊరి బయట మోటారు బావికి పోయి వచ్చేవాడు. ఎవరికీ కనపడేది కాదు. అట్లా పది రోజులు గడిచాయి. ఒకనాడు కరెంటు పోయి రెండు రోజులు రాలేదు. మోటారు ఆడలేదు. ఇంట్లో శుభ్రమైన గుడ్డ ఒక్కటి మిగల్లేదు. చిన్నాయన టబ్బు నెత్తిన పెట్టుకుని పట్టపగలు చేతిపంపు దగ్గరికి వచ్చాడు.

చేతిపంపు చావిడికి ఎదురుగా ఉంది. ఆదివారం గనక బడి లేదు, ఆపీసుకు మాత్రం సెలవు లేదు. నేను బిందెతో వరసలో ఉన్నాను. ఆడవాళ్లు ఆయన టబ్బు చూసి తప్పుకుని దారి ఇచ్చారు. దయతో కాదు, అంటుకుంటుందని. ఆయన తల వంచుకుని ఒక చేత్తో పంపు కొడుతూ, ఇంకో చేత్తో గుడ్డ పిండుతూ ఉంటే, చావిడి మీద నుంచి ఒకడు లేచి పోయి నాయనను పిలుచుకొచ్చాడు.

"ఏమిరా ఇది?"

"గుడ్డలు అన్నా."

"ఎవురి గుడ్డలు?"

చిన్నాయన గుడ్డ పిండుతూనే ఉన్నాడు. చావిడి మీది వాళ్లు చెప్పారు, ఒకరి తర్వాత ఒకరు.

"ఆంబళగా పుట్టి పెండ్లాం రగతం కడుగుతా ఉండావా? ఊరు నన్ను ఏమంటాది?"

"దానికి లేవను కాలేదు అన్నా. జరం. వదినె ఆపీసుకి పోయిండాది. నేను ఉతక్కపోతే ఎవురు ఉతుకుతారు?"

"కంపు పట్టిపోనీ. అది పొంబళల పాటు."

నాయన టబ్బును కాలితో తన్నాడు. గుడ్డలు బురదలో పడ్డాయి. చిన్నాయన వంగి ఏరబోతే జుట్టు పట్టి పైకి లేపాడు. ఆదివారాలు పక్క ఊరి నుంచి గడ్డాలు గీయడానికి ఒక ముసలాయన వచ్చి చావిడి మెట్ల మీద పెట్టె తెరుచుకుని కూర్చునేవాడు. నాయన ఆ పెట్టెలోంచి కత్తి తీసుకున్నాడు. ముసలాయన "వద్దు సామీ, తమ్ముడు సామీ" అన్నాడు. "నీకు ఇది ఏమిటికిరా" అంటూ నాయన చిన్నాయన మీసం ఒక పక్క గీసేశాడు. సబ్బు లేదు, నీళ్లు లేవు. పెదవి తెగి రక్తం వచ్చింది. రెండో పక్క గీయకుండా వదిలేసి, కత్తి ముసలాయన ముందు పడేసి, "ఇట్లే తిరుగు" అన్నాడు.

చిన్నాయన బలహీనుడు కాడు. ఆపీసులో మూటలు ఎత్తే మనిషి. నాయనను ఒక్క తోపు తోస్తే చావిడి గోడకు పోయి కొట్టుకునేవాడు. అన్న అంటే తండ్రి అని నూరిపోశారు గనక చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డాడు. ఇక నా సంగతి చెప్పాలి. సగం మీసంతో ఆ ముఖం వింతగా ఉంది. నా పక్కనున్న పిల్ల కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను. పైకే నవ్వాను. ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. తర్వాత కూర్చుని గుడ్డలన్నీ ఏరి, టబ్బులో వేసి, మళ్లీ మొదటినుంచి ఉతికాడు. పెదవి మీది రక్తం గడ్డం మీదికి కారుతూనే ఉంది. ఒక్కో గుడ్డా రెండుసార్లు జాడించాడు. వరసలో ఇరవై మందిమి ఉన్నాం. ఒక్కరం పోయి పంపు కొట్టలేదు. పిండిన గుడ్డలు నెత్తిన పెట్టుకుని, చావిడి ముందు నుంచే, ఆయన ఇంటికి పోయాడు.

మిగతాది చిన్నమ్మ చాలా ఏళ్ల తర్వాత నాకు చెప్పింది. ఆయన ఇంట్లోకి రాగానే ఆమెకు సంగతి అర్థమైందట. జ్వరంతోనే లేచి గోడకు చేరగిలబడి కూర్చుని, బ్లేడు తెమ్మని, మిగిలిన సగం తానే తీసేసిందట. "నువ్వు ఏడ్చినావా చిన్నమ్మా?" అని అడిగితే, "ఏడిస్తే చెయ్యి వణుకుతాది గదమ్మా" అంది. బిడ్డకు నెల నిండగానే వాళ్లు రెండు గోనెసంచులతో సాత్తూరు బస్సెక్కి, అక్కడినుంచి విరుదునగర్ వెళ్లిపోయారు. ఆ తర్వాత చిన్నాయన మా ఊరి నీళ్లు తాగలేదు. మీసం కూడా మళ్లీ పెంచలేదు.

నాకు పదో క్లాసు అయిపోయాక నాయన శివకాశి వైపు ఒక సంబంధం చూశాడు. పెళ్లికొడుకు గురించి ఆయన చెప్పిన గొప్ప ఒక్కటే: "ఒక మాట రెండోసారి చెప్పడు, చెయ్యి చెబుతాది." అమ్మ మరుసటి రోజు ఆపీసు వ్యాను ఎక్కలేదు. నన్ను కోవిల్‌పట్టి బస్టాండుకు తీసుకుపోయి, చేతిలో కడలైమిట్టాయి, అదే వేరుశనగ చిక్కీ, పొట్లం పెట్టి, విరుదునగర్ బస్సెక్కించింది. "సిన్నాయన ఇంటికి పో. సదువుకో. ఈడ అడిగితే నేను సెప్పుకుంటా" అంది. ఎట్లా చెప్పుకుందో మా అన్న తర్వాత చెప్పాడు. రెండు పళ్లు పోయాయి. అన్న ఆ మాట చెబుతున్నప్పుడు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. అప్పటికి వాడికి మీసం సరిగా రానే లేదు.

విరుదునగర్‌లో వాళ్లది నూనె మిల్లు వెనక సందులో ఒక్క గది. గాలి ఇటు తిరిగితే గానుగ నూనె వాసన, అటు తిరిగితే మిరపకాయల గోడౌను. సందులో అందరం తుమ్ముతూనే బతికాం. చిన్నాయన పరోటా కొట్లో పిండి కలిపేవాడు. ఆయన కలిపి, సాగదీసి, చుట్టి ఇస్తే ఇంకొకరు నూనెలో వేయించేవారు. ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి ముందు కూర్చునేవాడు. కూతురికి రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టేవాడు, తర్వాత నన్ను పిలిచి నాకూ వేసేవాడు. పదహారేళ్ల పిల్లను, సిగ్గుపడితే "తల నిలుపు" అని గద్దించేవాడు. నర్సు ట్రైనింగుకు ఫారం తెచ్చింది ఆయనే. ఆ రోజుల్లో కొట్లో కుర్రాళ్లు సినిమా హీరోలను చూసి నున్నగా గీసుకోవడం మొదలుపెట్టారు. "అణ్ణే, నువ్వు మాకంటే ముందే ఫ్యాషన్ కనిపెట్టినావే" అని ఆయనను మెచ్చుకునేవారు. ఆయన ఊరికే నవ్వేవాడు. మా ఊళ్లో ఆయన పరువు తీసిన ముఖమే ముప్పై మైళ్ల అవతల సొగసైంది. ఇంత తేలిగ్గా మారేదాని కోసమా మనుషుల పెదవులు కోశారు అని నాకు ఒళ్లు మండేది.

ఒక సాయంత్రం ఆయన పప్పు తాలింపు పెడుతుంటే ధైర్యం చేసి అడిగాను.

"చిన్నాయ్నా, ఆ పొద్దు పంపు దగ్గర నేను నవ్వినా. నీకు ఇనిపించిందా?"

"ఇనిపించింది" అన్నాడు.

పరవాలేదు అనలేదు. చిన్నపిల్లవు గదా అనలేదు. అంటాడని నిలబడ్డాను. ఆయన గరిటె నా చేతికిచ్చి బయట బిడ్డను చూడటానికి పోయాడు. ఆ రోజు నన్ను ఊరుకోబెట్టి ఉంటే నేను మర్చిపోయేదాన్ని. మర్చిపోనివ్వలేదు. అందుకు ఆయన మీద నాకున్నంత గౌరవం ఇంకెవరి మీదా లేదు.

నేను చిత్తూరులో ఉద్యోగంలో కుదురుకున్నాక నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. విరుదునగర్ పెద్దాసుపత్రిలో చేర్చారు. నేను వెళ్లేసరికి మూడో రోజు. అమ్మ ఒక్కతే ఆయనను అటు ఇటు తిప్పి నడుం పట్టేసి, మంచం కోడును పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. అన్న వార్డు బయట మోటార్‌సైకిలుకు ఆనుకుని ఉన్నాడు. "ఆ కంపు నాకు పడదు. అదీ గాక నాయనను ఆ తీరుగా సూడలేను" అన్నాడు. చూడలేకపోవడం కూడా మగతనంలో ఒక భాగమే అన్నట్టు అన్నాడు. చావిడి పెద్దలు ఇద్దరు చిన్నాయన ఇంటికి పోయి, ముసలివాణ్ణి ఎత్తను ఒక మగమనిషి కావాలి, పాతది మరిచిపోయి రమ్మని అడిగారు.

చిన్నాయన వచ్చాడు. మంచం కాళ్ల వైపు నిలబడ్డాడు. నాయన చూసి గుర్తుపట్టాడు. కళ్లలోంచి నీళ్లు కారాయి, నోట్లోంచి గంజి కారింది. పెద్దలు "సూడు, అన్న ఏడస్తా ఉండాడు" అన్నారు.

"నేను సెయ్యను" అన్నాడు చిన్నాయన. గట్టిగా అనలేదు. "నా పెండ్లానికి సేసినా, నా బిడ్డకి సేసినా. వాళ్లు నావాళ్లు. ఈయనకి సెయ్యను. సేసేది నాకు రాక కాదు." తర్వాత అమ్మ వైపు తిరిగి, "వదినే, నువ్వూ సెయ్యనక్కర్లేదు. మా ఇంటికి రా. నీకు రెండు పూటలా వండి పెడతా" అన్నాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆయన వెళ్లిపోయాడు. వరండాలో పెద్దలు ఇద్దరూ గొంతు తగ్గించకుండానే చెప్పుకున్నారు: కూడబుట్టిన అన్నకు చెయ్యనోడు, వాడూ ఒక ఆంబళేనా. గుడ్డలు ఉతికినందుకు ఒకసారి తీసేసిన మగతనాన్ని, ఉతకనన్నందుకు ఇంకోసారి తీసేశారు. ఉతకడం, ఉతక్కపోవడం వాళ్లకు ఒకటే. వాళ్లు చెప్పినప్పుడు చెప్పినట్టు వంగాలి, వాళ్ల లెక్కలో మగాడంటే అదే.

ఇప్పటివాళ్లు వేరంటారు. మా అన్న కొడుకు మంచివాడే, కాదనను. బిడ్డ ముడ్డి కడగడానికి చేతులు ముడుచుకోలేదు, వాడి తాత చూస్తే కత్తి తీసేవాడు. అయినా నాకు వాడి మీద కోపం తగ్గలేదు. మధ్యాహ్నం అన్నం తిని కంచం చాప మీదే వదిలేసి లేచాడు. వాడి భార్య కంచం, నా కంచం, వాడి కంచం నేను కడిగాను. దాన్ని ఎవరూ వీడియో తీయరు. చిన్నాయన చేసిన పనే తను చేస్తే చప్పట్లు కావాలి, చిన్నాయన పెదవి కోసినవాడికి బ్యానరు కావాలి. రెండూ ఒకే గోడ మీద ఎట్లా అతుకుతాయో వాడికి అనుమానమే రాలేదు. చెబితే, "అదంతా ఆ కాలం అత్తా" అంటాడు. ఆ కాలంలోనే ఆ ఊళ్లోనే ఒక మనిషి వేరేగా ఉన్నాడు. అందుకే కాలం మీద తోసేసే మాట నా దగ్గర చెల్లదు.

నాయన మంచం మీద నాలుగేళ్లు బతికాడు. ఆ నాలుగేళ్లూ చేసింది అమ్మ. నేను సెలవు దొరికినప్పుడల్లా పోయి చేశాను, నర్సును గనక చెయ్యి ఆడేది, మనసు ఆడేది కాదు. ఒకసారి పక్క మార్చేటప్పుడు అమ్మ ముంజేతి మీద నల్లటి మచ్చలు చూశాను. ఆయన ఎడమ చెయ్యి బాగానే ఉంది. నీళ్లు ఆలస్యమైతే గిల్లేవాడు. "దూరంగా నిలబడి పెట్టమ్మా" అంటే, "దూరం నుంచి పెడితే మింగలేడు" అంది. మాకు తెలిసిన ఆడవాళ్లు వచ్చి చూసి పోతూ "పడిపోయినా సింగం సింగమే" అనేవాళ్లు. అమ్మను ఏ జంతువుతోనూ పోల్చలేదు ఎవరూ.

ఆయన పోయిన రోజు పొద్దున్నే నాకు కబురు వచ్చింది. నేను చేరేసరికి పందిరి వేశారు, డప్పులు మోగుతున్నాయి. అన్న శవం కాళ్ల మీద పడి అందరూ చూసేలా ఏడుస్తున్నాడు. చిన్నాయన రాలేదు. చిన్నమ్మ ఒక్కతే వచ్చింది. అమ్మ కనపడలేదు. లోపలి గదిలో, అగ్గిపెట్టెల గోనెల పక్కన, చెయ్యి తల కింద పెట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది. అంత నిద్ర ఆమె ముఖంలో నేను ఎప్పుడూ చూడలేదు. పెద్ద ఆడవాళ్లు నలుగురు అమ్మ గాజులు పగలగొట్టడానికి వచ్చారు. "పెండ్లాం ఏడవకుంటే శవం లేపరాదు, లేపమ్మా దాన్ని" అన్నారు. బయట నుంచి అన్న కూడా కేకేశాడు.

నేను గడప మీద నిలబడి రెండు చేతులూ తలుపు చెక్కలకు ఆనించాను. చిన్నమ్మ లేచి వచ్చి నా పక్కన నిలబడింది.

"పండుకోనిండి" అన్నాను. "ఆమెకి మెలుకువ వచ్చినాక అడగండి, ఏడస్తాదో లేదో."

డప్పులు చాలాసేపు మోగాయి. అమ్మ ఒకసారి ఒత్తిగిలింది, లేవలేదు.